ముఖం ఎవరికి, ఎప్పుడు కనిపించాలి? ఒక ఆసుపత్రిలో నిఖాబ్ వివాదం: కేస్ స్టడీ

ఆసుపత్రుల్లో, రోగ నిర్ధారణ కేంద్రాల్లో సిబ్బందికీ యాజమాన్యానికీ మధ్య వచ్చే తగాదాలు తీర్చడం నా వృత్తి. జీతాల బకాయిలు, రాత్రి డ్యూటీల పంపకం, సెలవుల లెక్కలు... నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఇవే. దుస్తుల గొడవ అరుదుగా వస్తుంది. వచ్చిందంటే మాత్రం వంటగది నుంచి ఆపరేషన్ థియేటరు దాకా అందరూ ఏదో ఒక పక్షం చేరిపోతారు. ఈ కేసులోనూ అదే జరిగింది. ముఖం కప్పుకోవచ్చా, కూడదా అని వాదించుకున్నంత కాలం ఎవరూ అడుగు ముందుకు వేయలేకపోయారు. ఏ పనిలో, ఎవరికి, ఎంతసేపు ముఖం కనిపించాలి అని విడదీసి అడగడం మొదలుపెట్టాక దారి కనిపించింది. ఆ విడదీయడం ఎలా జరిగిందో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఊరి పేరు, ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. కేసు సారాంశానికి అవసరం లేని కొన్ని సంగతులు మార్చాను. ఇందులో ప్రధాన వ్యక్తి ఇది చదివి, సరేనన్నారు.

నేపథ్యం

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. అక్కడ వంద పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి. కింది అంతస్తులో రక్త నమూనాలు తీసుకునే విభాగం ఉంది. పొద్దున ఆరున్నరకే జనం బారులు తీరతారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు, పట్టణంలోని ముస్లిం కుటుంబాలు, పింఛనుదారులు, గర్భిణులు అందరూ అక్కడికే రావాలి. రక్తం తీసే టెక్నీషియన్లలో ఆడవాళ్లు తక్కువ. వారిలో ఒకరు ఈ కేసులోని యువతి. డీఎంఎల్‌టీ (వైద్య ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివారు. పసిపిల్లల చేతిలో నరం దొరకబుచ్చుకోవడంలో ఆమెకు మంచి పేరుంది. పిల్లల వార్డు నుంచి ప్రత్యేకంగా ఆమె కోసమే కబురు వచ్చేది.

ఆమె ఉద్యోగంలో చేరింది కోవిడ్ కాలంలో. అప్పుడు అందరి ముఖాలకూ మాస్కులే. ఇంటి నుంచి బురఖాలో వచ్చి, దుస్తులు మార్చుకునే గదిలో దాన్ని తీసి, తలకు హిజాబ్, ముఖానికి మాస్కు, ఒంటికి ఆసుపత్రి ఆప్రాన్‌తో పనిచేసేవారు. జుట్టును, మెడను కప్పేది హిజాబ్. కళ్లు తప్ప ముఖమంతా కప్పేది నిఖాబ్. ఒంటి మీద వేసుకునే వదులైన వస్త్రం బురఖా. ఈ మూడింటినీ ‘బురఖా’ అనే ఒక్క మాటతో చుట్టేసి మాట్లాడటం ఈ వివాదం పొడవునా మమ్మల్ని ఇబ్బంది పెట్టింది.

2022లో మాస్కు నిబంధనలు సడలాయి. మిగిలినవాళ్లు మాస్కులు తీసేశారు, ఆమె తీయలేదు. కొన్ని నెలల తర్వాత మాస్కు స్థానంలో నల్లటి నిఖాబ్ వచ్చింది. మాస్కు పెట్టుకున్నప్పుడు ఒక్కరూ ఏమీ అనలేదు. నిఖాబ్ కట్టుకున్న వారంలోనే గుసగుసలు మొదలయ్యాయి. రెండూ కప్పేది అదే ముక్కునూ, అదే నోటినీ. ఈ ఒక్క వాస్తవం తర్వాత నేను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఆధారమైంది.

సమస్య ఎలా బయటపడింది

డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఫాస్టింగ్ షుగరు పరీక్షకు ఒక్కరే వచ్చారు. నమోదు కిటికీ దగ్గర ఆ రోజు ఈమె డ్యూటీ. “ఏమైనా తిన్నారా, తాతగారూ?” అని అడిగారు. ఆయనకు “ఎవరైనా ఉన్నారా?” అన్నట్టు వినిపించింది. తోడు ఎవరైనా వచ్చారా అని అడుగుతున్నారనుకుని “లేదమ్మా” అన్నారు. ఆమె పరగడుపు అని గడిలో టిక్కు పెట్టారు. నిజానికి ఆయన ఇంట్లో ఇడ్లీ తిని బయల్దేరారు. చక్కెర ఎక్కువగా వచ్చింది. డాక్టరు అనుమానించి, తిన్న సంగతి ఆరా తీసి మళ్లీ పరీక్ష చేయించబట్టి సరిపోయింది. మందు మోతాదు పెంచి ఉంటే ఆ వయసులో చక్కెర పడిపోయి ప్రమాదమయ్యేది.

మర్నాడు ఆయన కొడుకు రాసిన ఫిర్యాదు వచ్చింది. “ముఖం కనిపించని మనిషితో రక్తం తీయిస్తారా? మా నాన్నకు ఆమె మాట వినబడలేదు. రేపు ఎవరో ఒకరు ముసుగు వేసుకుని లోపలికి వస్తే ఎవరిది బాధ్యత? ఆసుపత్రి అంటే తెల్లగా, శుభ్రంగా ఉండాలి.” ఆ కాగితం ఫొటో సిబ్బంది వాట్సాప్ గ్రూపులో తిరిగింది. రెండు రోజుల్లో సంతకాల పత్రాలు రెండు తయారయ్యాయి. ఒకటి నిఖాబ్ తీయించాలని, రెండోది ఆమె జోలికి పోవద్దని. అప్పుడు యాజమాన్యం నన్ను పిలిచింది.

ఫిర్యాదును విడదీయడం

నేను మొదట చేసిన పని ఆ ఉత్తరాన్ని వాక్యం వాక్యంగా విడదీసి రాసుకోవడం. అందులో నాలుగు వేర్వేరు ఫిర్యాదులున్నాయి. మాట వినబడలేదు. మనిషి ఎవరో తెలియదు. శుభ్రత మీద అనుమానం. చూడటానికి నచ్చలేదు. మొదటి మూడింటినీ పరీక్షించవచ్చు, కొలవవచ్చు, సరిచేయవచ్చు. నాలుగోది అభిప్రాయం. కోపంలో ఈ నాలుగూ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి. మూడింటికి జవాబు చెప్పి నాలుగోదాన్ని పట్టించుకోకపోతే ఫిర్యాదుదారు అవమానపడతాడు. నాలుగోదానికే జవాబు చెబితే ఆమెకు అన్యాయం జరుగుతుంది, మొదటి మూడు లోపాలూ ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

నచ్చకపోవడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రోగి భయంతో వస్తాడు. సూది పట్టుకున్న మనిషి ముఖంలో ధైర్యం వెతుక్కుంటాడు. ఆ కోరికలో ద్వేషం లేదు. అయితే రెండేళ్లపాటు మాస్కు వెనక ఉన్న మనుషులతోనే రక్తం తీయించుకుని, టీకాలు వేయించుకుని, కాన్పులు చేయించుకున్న జనం వీళ్లే. అందువల్ల ఇబ్బంది ముఖం కనిపించకపోవడంలోనే పుట్టిందని అనుకోలేం. ఆ నల్ల గుడ్డ దేన్ని గుర్తు చేస్తోందన్నదానిలో చాలా భాగం ఉంది.

ఇది ఒక్క మన దగ్గరి సంగతి కాదు. 2021 మార్చి 7న స్విట్జర్లాండులో బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడంపై నిషేధానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 51.2 శాతం మంది నిషేధానికి ఓటేశారు. ఆ దేశంలో నిఖాబ్ ధరించే మహిళలు కొన్ని పదుల మంది ఉంటారని అక్కడి పరిశోధకుల అంచనా. ఓటేసినవారిలో అత్యధికులు అలాంటి మహిళతో ఏనాడూ మాట్లాడి ఉండరు. అదే సమయంలో ఆ దేశపు బస్సుల్లో, రైళ్లలో మాస్కు తప్పనిసరి. ఫ్రాన్స్ 2010లో చేసిన చట్టం 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆరోగ్య కారణాలకు అందులో మినహాయింపు ఉంది కాబట్టి 2020లో మాస్కునూ నిఖాబ్‌నూ వేర్వేరుగా చూడగలిగారు. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2014లో ఆ నిషేధాన్ని సమర్థించినప్పుడు భద్రత వాదనను చాలదని పక్కన పెట్టింది, ‘కలిసి బతకడం’ అన్న ఆలోచనను అంగీకరించింది. అంటే అక్కడ కూడా చివరికి నిలిచింది నాలుగో ఫిర్యాదుకు దగ్గరి బంధువే. ఒక దేశం తన పౌరులందరి తరఫున అలాంటి నిర్ణయం తీసుకోవచ్చునేమో, దాని మీద వాదనలు ఉన్నాయి. ఒక ఆసుపత్రి తన టెక్నీషియన్ విషయంలో ఆ బాట పట్టకూడదని నా అభిప్రాయం. ఆసుపత్రికి చేతిలో చేయవలసిన పని ఉంది. దుస్తుల నిబంధన ఆ పని కోసమే ఉండాలి.

చట్టం గురించి డైరెక్టరు గారు మొదటి రోజే అడిగారు. ముఖం కప్పుకోవడాన్ని మన దేశంలో నిషేధించే సాధారణ చట్టం ఏదీ లేదు. అందరూ ఉదహరించే కర్ణాటక హైకోర్టు తీర్పు 2022 మార్చి 15న వచ్చింది. అది విద్యాసంస్థల్లో యూనిఫాంకు, హిజాబ్‌కు సంబంధించినది. ఆ ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఒకరికొకరు విరుద్ధంగా చెరో తీర్పూ ఇచ్చారు కాబట్టి విషయం తేలలేదు. 2024 ఆగస్టులో ముంబయి కళాశాల కేసులో సుప్రీంకోర్టు హిజాబ్, టోపీ, బ్యాడ్జీలపై నిషేధాన్ని తాత్కాలికంగా ఆపుతూనే, తరగతి గదిలో ముఖం కప్పే బురఖాకు మాత్రం అనుమతి లేదంది. వీటిలో ఏదీ ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగికి నేరుగా వర్తించదు. కోర్టు వైపు చూస్తూ కూర్చుంటే మన సమస్య తీరదని చెప్పాను.

ప్రయత్నించినవి, ఫలించనివి

నేను వెళ్లేసరికే పరిపాలనాధికారి ఒక నోటీసు అంటించి ఉన్నారు. “డ్యూటీలో ఎవరూ ముఖం కప్పుకోరాదు.” అది ఒక్క పూట కూడా నిలవలేదు. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ నర్సు వచ్చి, క్షయ రోగుల గదిలోకి మాస్కు లేకుండా వెళ్లమంటారా అని అడిగారు. దాంతో నోటీసును “మతపరమైన ముసుగులు ధరించరాదు” అని మార్చబోయారు. నేను ఆపమన్నాను. అదే ముక్కును అదే నోటిని నీలం రంగు కాగితపు మాస్కుతో కప్పితే ఒప్పు, నల్ల గుడ్డతో కప్పితే తప్పు అయితే, ఆ నిబంధన పట్టుకుంటున్నది మనిషి మతాన్ని. అది రేపు ఏ న్యాయవాది ముందూ నిలబడదు. అంతకన్నా ముఖ్యం, అది ఆ పెద్దాయనకు వినబడకపోవడాన్ని ఏమాత్రం సరిచేయదు.

రెండో ప్రయత్నం చూడటానికి దయగా కనిపించింది. ఆమెను లోపలి ల్యాబుకు మార్చారు. అక్కడ రోగులు ఉండరు, యంత్రాలే. జీతం తగ్గించలేదు. కొద్ది రోజుల్లోనే దాని పర్యవసానాలు బయటపడ్డాయి. ఆడవాళ్లతోనే రక్తం తీయించుకుంటామనే మహిళలు వరసలో నిలబడిపోయారు. వాళ్లలో ముస్లింలు ఎంతమందో పల్లెల నుంచి వచ్చిన హిందూ స్త్రీలూ అంతమంది ఉన్నారు. పిల్లల వార్డు నర్సులు విసుక్కున్నారు. హిజాబ్ మాత్రమే కట్టుకునే మరో ఇద్దరు నర్సులు ఇక తమ వంతు వస్తుందని భయపడి వేరే ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టారు. ఆమె నాతో, “నేను తప్పు చేశానా, మేడమ్? చేస్తే మెమో ఇవ్వండి. చేయకపోతే నన్నెందుకు దాచిపెడుతున్నారు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కనబడకుండా పక్కకు జరపడం వల్ల ఫిర్యాదుదారు నోరు మూతపడుతుంది. ఉద్యోగి మీద మచ్చ మాత్రం విచారణ లేకుండానే పడిపోతుంది. ఆ బదిలీని వెంటనే రద్దు చేయమని లిఖితపూర్వకంగా సలహా ఇచ్చాను.

మూడోది అభిప్రాయ సేకరణ. యాజమాన్యానికి దాని మీద చాలా నమ్మకం ఉండేది. రోగులు నింపే కాగితంలో ఒక ప్రశ్న చేర్చారు: “సిబ్బంది ముఖం కప్పుకుని ఉండటం మీకు ఇష్టమేనా?” ఎక్కువమంది ‘కాదు’ అని రాశారు. డైరెక్టరు గారు ఆ కట్ట నా ముందు పెట్టి, “ప్రజలు ఏమనుకుంటున్నారో చూశారు కదా” అన్నారు.

నేను అదే రోగులను వేరే ప్రశ్నలు అడగనివ్వమని కోరాను. రక్తం ఇచ్చి బయటికి వచ్చేవాళ్లను మెట్ల దగ్గర కూర్చోబెట్టి, మీ పేరు అడిగారా, ఏం అడిగారో అర్థమైందా, సూది నొప్పి పెట్టిందా, మళ్లీ వస్తే అదే మనిషి దగ్గరికి వెళతారా అని అడిగించాం. ఆమె దగ్గర రక్తం ఇచ్చినవాళ్ల సమాధానాలు మిగతా టెక్నీషియన్ల రోగుల సమాధానాల కన్నా ఏమీ తీసిపోలేదు. నొప్పి విషయంలో ఆమే మెరుగు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ‘అర్థం కాలేదు’ అన్నవాళ్లు దాదాపుగా అందరూ నమోదు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లే. ఆ రోజు ఆ కిటికీలో ముఖం కప్పుకోని మగ టెక్నీషియన్ ఉన్నా కూడా అంతే.

సాధారణంగా అడిగితే మనిషి తన మనసులో ఉన్న బొమ్మ గురించి చెబుతాడు. సందర్భం పెట్టి అడిగితే తనకు జరిగినదాని గురించి చెబుతాడు. దుస్తుల మీద ప్రజాభిప్రాయం అంటూ చెలామణీ అయ్యే లెక్కల్లో ఎక్కువ భాగం మొదటి రకానివి. అవి పనికిరానివని అనను. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ మన దేశంలో దాదాపు 30 వేల మందితో మాట్లాడి 2021లో ప్రచురించిన సర్వేలో, ఇంటి బయట తల కప్పుకునే అలవాటు ఉందన్న మహిళలు ముస్లింలలో 89 శాతం, సిక్కుల్లో 86 శాతం, హిందువుల్లో 59 శాతం. దక్షిణాదిలో మాత్రం హిందూ మహిళల్లో ఆ అలవాటు ఐదింట ఒక వంతుకు అటూ ఇటుగానే ఉంది. ఉత్తరాదిన తల మీద కొంగు అందరిదీ. మన దగ్గర తల కప్పితే అది ముస్లిం గుర్తుగా విడిగా కంటపడుతుంది. ఆ ఫిర్యాదుదారు ఇబ్బంది వెనక ఉన్న కారణాన్ని అర్థం చేసుకోవడానికి ఇలాంటి లెక్క ఉపయోగపడుతుంది. టెక్నీషియన్ ఏం కట్టుకోవాలో నిర్ణయించడానికి ఉపయోగపడదు.

కిటికీ, యంత్రం

నేను ఆ నమోదు కిటికీ ముందు రోగి కుర్చీలో కూర్చున్నాను. కోవిడ్‌లో బిగించిన ప్లాస్టిక్ పలక ఇంకా అలాగే ఉంది. మాట వినిపించడానికి అందులో రంధ్రం లేదు. అడుగున కాగితాలు జరిపే సందు మాత్రం ఉంది. పక్కనే టోకెన్ నంబర్లు అరిచే స్పీకరు, నెత్తిన ఫ్యాను. మాస్కు లేని టెక్నీషియన్‌ను మామూలు గొంతుతో ప్రశ్నలు అడగమన్నాను. నాకు సగం మాటలు అందలేదు. తర్వాత మాస్కుతో, ఆ తర్వాత గుడ్డతో అడిగించాం. ఇంకా తగ్గింది. ఇక్కడ నిజాయతీగా ఉండాలి. ముసుగు వల్ల ఏ ఇబ్బందీ లేదనడం అబద్ధం. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటారు. నోరు కనిపించకపోతే వాళ్లకు ఆ ఆసరా పోతుంది. కానీ పలక తీసేయకుండా నిఖాబ్ మాత్రమే తీయించి ఉంటే, ఆ పెద్దాయన మళ్లీ వచ్చినా పొరబాటు మళ్లీ జరిగేది, ఈసారి దాన్ని మోపడానికి ఎవరూ ఉండేవారు కారు.

గుర్తింపు విషయంలో ఆసుపత్రి భయం సమంజసమే. హాజరుకు ముఖం చూసి గుర్తించే యంత్రం ఉంది. అది ప్రధాన ద్వారం దగ్గర, మగ కాపలాదారు కుర్చీ పక్కన, అందరూ తిరిగేచోట పెట్టారు. ఆమె దానికి ముఖం చూపలేక చేరినప్పటి నుంచీ రిజిస్టరులో సంతకం పెడుతున్నారు. అంటే ఆమె అని చెప్పుకుని ఇంకెవరు వచ్చినా పట్టుకునే ఏర్పాటు ఆసుపత్రికి లేదు. గుర్తింపు కార్డు మీద ముఖం కనిపించే ఫొటో ఉండటానికి ఆమెకు అభ్యంతరమే లేదు. “ఆధార్ మీద ఉంది, పాస్‌పోర్టు మీద ఉంది. ఇక్కడ ఎందుకు వద్దంటాను? ఎవరు చూస్తారన్నదే నాకు ముఖ్యం” అన్నారు.

ఈ చిక్కుకు మన దగ్గర పాత పరిష్కారమే ఉంది. పరదా పాటించే మహిళలు ఎక్కువగా ఉన్న పోలింగు కేంద్రాల్లో మహిళా అధికారిని నియమించి, తెర చాటున ముఖం పోల్చుకుని, వేలికి సిరా వేయాలని ఎన్నికల సంఘం సూచనలున్నాయి. హైదరాబాదు పాతబస్తీలో ఓటేసిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. వైద్య ప్రవేశ పరీక్షలో సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్లను తనిఖీ కోసం ముందుగా రమ్మంటారు. ముఖం చూడటం తప్పనిసరి, చూసే పద్ధతిలో మర్యాద తప్పనిసరి. రెండింటికీ పోటీ లేదు.

ఆమె ఏమన్నారు, డైరెక్టరు గారు ఏమన్నారు

నిఖాబ్ ఎప్పుడు, ఎందుకు మొదలైందని నేను విడిగా అడిగాను. ఇంట్లో ఎవరైనా బలవంతం చేస్తున్నారా అన్నది నేను తేల్చుకోవలసిన విషయం. తెలిస్తే సలహా మారిపోతుంది. ఆమె తల్లి నిఖాబ్ వేసుకోరు. భర్తకు అభ్యంతరం లేదు, పట్టుదలా లేదు. “మాస్కులు తీసేయమన్న రోజున ముఖానికి గాలి తగిలితే సిగ్గేసింది, మేడమ్. రెండేళ్లు ఎవరూ నా ముఖం చూడలేదు. నాకది హాయిగా ఉంది, మతపరంగానూ మంచిదనిపించింది.” మరి మాస్కే ఉంచుకోవచ్చుగా అన్నాను. “మాట్లాడితే మాస్కు జారుతుంది. గ్లౌజులు వేసుకున్న చేత్తో ముఖం ముట్టుకోకూడదు కదా. నిఖాబ్ వెనక ముడి వేస్తే కదలదు.” అది వృత్తి తెలిసిన మనిషి చెప్పే కారణం. ఆమెను ఆ ప్రశ్న అంతకుముందు ఒక్కరూ అడగలేదు.

డైరెక్టరు గారితో సంభాషణ మరింత కష్టమైంది. ఆయన అభ్యంతరం చులకన చేయదగ్గది కాదు. “మా నాయనమ్మ గోషాలో బతికింది. పరదా కట్టిన బండిలో తప్ప గడప దాటలేదు. మా ఇంటి ఆడవాళ్లు అందులోంచి బయటపడటానికి రెండు తరాలు పట్టింది. నా ఆసుపత్రిలో మళ్లీ అదే చూడాలా?” తెలుగు నేల మీద గోషా ఏ ఒక్క మతానికో చెందినది కాదు. జమీందారీ కుటుంబాలు, కొన్ని పై కులాల ఇళ్లు తరతరాలు పాటించాయి. ఆయన ఆవేదన నిజం. నేను ఆయనతో అన్నది ఇది: గోషా స్త్రీలకు వైద్యం అందడానికి ఆనాటివాళ్లు ముందు పరదా తీయమని షరతు పెట్టలేదు. డాక్టర్ మేరీ షార్లీబ్ చొరవతో 1885లో మద్రాసులో గోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి వెలసింది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. ఆ ఆసుపత్రుల గడప దాటిన స్త్రీల బిడ్డలు, మనవరాళ్లే చదువుకుని బయటికి వచ్చారు. ఈ యువతి ఇప్పటికే చదువుకుని, జీతం తెచ్చుకుంటూ, మన రోగుల చేతుల్లో సూది గుచ్చుతోంది. ఈ ఉద్యోగం పోతే ఆమె నిఖాబ్ ఇంట్లో తీసేసి కూర్చోవడం తప్ప ఆయన కోరుకునే మార్పు ఏదీ రాదు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కానీ ముసాయిదా రాయమన్నారు.

ఫలించినది

ముసాయిదాలో మతం పేరు, ఏ వస్త్రం పేరు లేకుండా రాశాను. పని పేరు పెట్టి రాశాను. లోపలికి వచ్చేటప్పుడు ప్రతి ఉద్యోగి ముఖం ఒక్కసారి కనిపించాలి. హెల్మెట్, మంకీ క్యాప్, మాస్కు, నిఖాబ్ ఏదైనా సరే. ఆడవాళ్ల కోసం మరో యంత్రం కొని దుస్తులు మార్చుకునే గది లోపల బిగించారు, అక్కడ మహిళా కాపలాదారు ఉంటారు. రోగితో మాట్లాడే చోట ప్లాస్టిక్ పలక తీసేశారు. ప్రశ్నల పట్టిక పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో, బొమ్మలతో తయారు చేయించాం. ఇడ్లీ పళ్లెం బొమ్మ మీద అడ్డగీత చూపిస్తే చెవులు వినిపించనివారికి కూడా పరగడుపు సంగతి తెలిసిపోతుంది. అవును, కాదు అనే జవాబులను అంగీకరించకూడదని పెట్టాం. పేరు రోగి తన నోటితో చెప్పాలి, ఆఖరిసారి ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో చెప్పాలి. ఈ నియమం అందరు టెక్నీషియన్లకూ.

నమూనాలు తీసేచోట బయటి నుంచి వేసుకొచ్చిన గుడ్డ ఏదీ ఉండకూడదు. ముక్కు, నోరు కప్పుకోవాలనుకునేవారు ఆసుపత్రి ఇచ్చే మాస్కు వాడాలి, తడిసినా మురికైనా మార్చాలి. చెవులకు తగిలించేది కాకుండా తల వెనక ముడి వేసుకునే రకం తెప్పించాం. జారే సమస్య దానితో పోయింది. హిజాబ్ ఆసుపత్రి ఇచ్చే లేత రంగు గుడ్డతో, కొసలు ఆప్రాన్ లోపల దోపుకుని. వినికిడి సమస్య ఉన్న మహిళా రోగి వస్తే ఆడవాళ్ల గదిలో తెర వేసి మాస్కు దించి మాట్లాడతానని ఆమే ప్రతిపాదించారు. మగవారైతే పట్టిక, లేదా పక్క టెక్నీషియన్. ఆమె ఈ ఏర్పాటుకు ఒప్పుకోవడానికి కొంత సమయం తీసుకున్నారు. నిఖాబ్ ఇంటి నుంచి గది వరకు, గది నుంచి ఇంటి వరకు. మధ్యలో మాస్కు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఆమెను లక్ష్యం చేసుకున్న నిబంధనగానే మిగిలేది. శుభ్రత పేరుతో గుడ్డను తీయించినప్పుడు అదే శుభ్రత మిగిలిన చేతుల దాకా వెళ్లాలి కదా. ముంజేతికి కట్టుకున్న తాళ్లు, గుడిలో కట్టిన దారాలు, ఉంగరాలు, గాజులు. సూది పనిచేసే చేతికి ఇవన్నీ ఇబ్బందే, కింద తేమ నిలుస్తుంది, కడిగినా పోదు. నిజమైన గొడవ ఇక్కడ వచ్చింది. నిఖాబ్ తీయించాలని సంతకం పెట్టిన వివాహితలైన నర్సులు గాజులు తీయమనేసరికి కంటతడి పెట్టారు. “బోడి చేతులతో ఇంటికెలా వెళ్లమంటారు?” అన్నారు ఒకరు. ఆ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. ఆ నర్సును మా టెక్నీషియన్ యువతి పక్కన కూర్చోబెట్టి, ఎవరినీ సమాధానపరచడానికి ప్రయత్నించకుండా, ఇద్దరినీ తమ తమ ఇబ్బంది చెప్పమన్నాను. ఆ అరగంట తర్వాత సంతకాల పత్రాల ప్రస్తావన మళ్లీ రాలేదు.

గాజులకు బ్రిటన్ ఆరోగ్య శాఖ 2010 నాటి మార్గదర్శకాల నుంచి ఒక ఉపాయం తీసుకున్నాం. అక్కడ రోగిని తాకే సిబ్బంది మోచేతి కింద సాధారణంగా ఏమీ ఉంచుకోకూడదు. సిక్కుల కడియాన్ని మాత్రం పైకి జరిపి కదలకుండా బిగించుకోవచ్చు. మేమూ ఒక సన్నటి లోహపు గాజు ఉంచుకుని, పని వేళ మోచేతి పైకి జరిపి పట్టీతో బిగించుకోమన్నాం. గాజు గాజులు లాకరులో. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునే ఒక మగ టెక్నీషియన్ అంతకుముందు ఏటా నల్ల బట్టల్లో, చెప్పులు లేకుండానే ల్యాబులో తిరిగేవారు. అందరూ ‘స్వామీ’ అని ప్రేమగా పిలిచేవారు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కింద పడిన సూది గుచ్చుకుంటే ఏమవుతుందని నేను అడిగాను. ఆయన తన గురుస్వామిని అడిగి వచ్చి, డ్యూటీ గంటల్లో యూనిఫాం, మూసి ఉండే గుడ్డ బూట్లు వేసుకుంటానన్నారు. నల్ల కండువా గదిలో. ఈ ఒక్క మనిషి ఒప్పుకోలు, నా ముసాయిదాలోని పేరాలన్నిటికన్నా ఎక్కువ పని చేసింది. నియమం అందరిదీ అన్న నమ్మకం సిబ్బందికి అప్పుడే కుదిరింది.

సల్వార్ మీద దుపట్టా తప్పనిసరి అన్న పాత నిబంధనను ఇదే సమయంలో ఎత్తేయించాను. వేలాడే దుపట్టా యంత్రాల దగ్గర ప్రమాదం, దాని వెనక ఉన్నది ‘మర్యాద’ గురించిన ఒకరి ఊహే తప్ప పని కాదు. ముసుగు తీయమనే నోరూ, దుపట్టా వేసుకోమనే నోరూ ఒకటే కావడం చాలా సంస్థల్లో చూస్తాను. రెండుచోట్లా ఆడవాళ్ల ఒంటి మీద గుడ్డ ఎంత ఉండాలో ఇంకొకరే తేలుస్తున్నారు.

ఫిర్యాదు చేసిన కొడుకుకు లిఖితపూర్వకంగా జవాబిచ్చాం. మీ నాన్నగారికి వినబడలేదన్నది నిజం, అందుకు కారణాలు ఇవి, మార్చినవి ఇవి అని. క్షమాపణ ఆసుపత్రి చెప్పింది, ఆమెతో చెప్పించలేదు. నిఖాబ్ గురించి ఒకే వాక్యం రాశాం: మా సిబ్బంది పని వేళల్లో ఆసుపత్రి మాస్కు వాడతారు, ప్రతి ఒక్కరి గుర్తింపునూ రోజూ సరిచూస్తాం. ఆయన తృప్తి పడ్డారని చెప్పలేను. తండ్రిని మాత్రం అక్కడికే తీసుకొస్తున్నారు.

మిగిలిపోయినవి

హిజాబ్ నర్సులిద్దరూ ఉద్యోగంలోనే ఉన్నారు. పరగడుపు పొరబాట్లు అన్ని కిటికీల దగ్గరా తగ్గాయని ల్యాబు అధికారి చెప్పారు. ఒక సీనియర్ డాక్టరు ఇప్పటికీ ఆమె తెచ్చే రిపోర్టు తీసుకుంటూ ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఆయన అభిప్రాయాన్ని మార్చడం నా పని కాదని వదిలేశాను. రిపోర్టు తీసుకోనంటే మాత్రం అది క్రమశిక్షణ విషయమవుతుందని యాజమాన్యానికి చెప్పి ఉంచాను.

తేలనిది ఒకటుంది. ఆమె సీనియారిటీ ప్రకారం తదుపరి పదోన్నతి రిపోర్టులు వివరించే కౌన్సెలింగ్ విభాగంలో. అక్కడ కేన్సర్ అనుమానం, హెచ్‌ఐవీ ఫలితం లాంటివి మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ గదిలో ముఖం కనిపించడం పనిలో భాగమేనని కొందరు డాక్టర్లు అంటున్నారు, ఆ మాటను నేను తోసిపుచ్చలేను. మహిళా రోగులకు ఆమె, మగవారికి మరొకరు అని పంచితే ఆ విభాగం నడుస్తుందా అన్నది చూడాలి. ముందుగా ఆమెకు ఆ పోస్టు కావాలో వద్దో అడగమన్నాను. కావాలంటే, మహిళా రోగులతో కొంతకాలం ప్రయోగంగా నడిపి, రోగులను సందర్భం పెట్టి అడిగి, ఆ సమాధానాలు చూశాక రాతపూర్వకంగా నిర్ణయించమన్నాను. అంతవరకు ఆ పదోన్నతి జాబితాలోంచి ఆమె పేరు తీయవద్దని ఫైలులో రాసి సంతకం చేశాను.